కేసు తేలేదాకా

మా సెక్షన్‌ని కలెక్టరేట్‌లో అందరూ తుపాకుల సెక్షన్ అనేవాళ్లు. రికార్డుల్లో ఉన్న పేరు మెజిస్టీరియల్ సెక్షన్. సినిమా హాళ్లు, బాణసంచా దుకాణాలు, పెట్రోలు బంకుల ఎన్‌వోసీలు, 144 ఉత్తర్వులు అన్నీ మా బల్లల మీదికే వచ్చేవి. జనానికి గుర్తుండేవి మాత్రం తుపాకులే. 1985లో జూనియర్ అసిస్టెంటుగా చేరి 2021లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. బదిలీలు పోగా అందులో పందొమ్మిదేళ్లు ఈ సెక్షన్‌లోనే గడిచాయి. రాయలసీమలో ఒక జిల్లా అది. పేరు చెప్పను, ఎందుకంటే ఇక్కడ రాసేవాటిలో నా తప్పులున్నాయి, నాతో పనిచేసినవాళ్ల తప్పులూ ఉన్నాయి.

రిటైరైనా ఇంటికొచ్చి అడిగేవాళ్లు ఆగలేదు. ప్రశ్న ఒకటే. ‘సార్, నా మీద కేసుంది. గన్ను ఉంటుందా, పోతుందా?’

1959 ఆయుధాల చట్టం దీనికి ఇచ్చే జవాబు చాలామంది అనుకున్నట్టుగా ఉండదు. తుపాకి దగ్గర పెట్టుకోకూడనివాళ్లు ఎవరో 9వ సెక్షన్ చెబుతుంది. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాళ్లు. హింసతో గానీ నీతిబాహ్యతతో గానీ కూడిన నేరంలో జైలుశిక్ష పడినవాళ్లు, వాళ్లకు శిక్ష పూర్తయ్యాక ఇంకో ఐదేళ్లదాకా ఈ నిషేధం ఉంటుంది. శాంతిభద్రతల కోసం, మంచి నడవడి కోసం బాండు రాయమని మేజిస్ట్రేటు ఆదేశించినవాళ్లు, ఆ బాండు గడువు ఉన్నన్నాళ్లు. ఎఫ్ఐఆర్‌లో పేరున్నవాడు, చార్జిషీటు పడినవాడు, బెయిలు మీద తిరుగుతున్నవాడు అనే మాటలు ఆ సెక్షన్‌లో ఎక్కడా కనపడవు. విచారణలో ఉన్నవాణ్ణి ఇంకా నేరస్థుడిగా చూడకూడదన్న సూత్రాన్ని పార్లమెంటు ఇక్కడ కూడా పాటించింది.

ఇందులో ఒక మెలిక ఉంది. హత్యాయత్నం కేసులో విచారణకు తిరిగేవాడికి 9వ సెక్షన్ అడ్డం రాదు, బైండోవర్ అయినవాడికి, అంటే ఆ బాండు రాసినవాడికి, వస్తుంది. ‘ఏముంది సార్, తహసీల్దారు ముందర సంతకం పెట్టొచ్చినా, అంతే గదా’ అంటూ ఎంతమంది వచ్చారో. ఆ సంతకం పెట్టిన రోజు నుంచే ఇంట్లో ఉన్న తుపాకి చట్టవిరుద్ధమైపోతుంది. ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు. ఈ బైండోవర్‌కి 107, 110 అని మేం పిలుచుకున్న సెక్షన్లు 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 126, 129 అయ్యాయి. అంకెలు మారినా పని అదే.

మిగతావాళ్లందరి సంగతి 17(3) చూసుకుంటుంది. లైసెన్సుదారు ఏ కారణంచేతనైనా అనర్హుడని అనిపిస్తే గానీ, ప్రజల శాంతికీ భద్రతకీ అవసరమని తోస్తే గానీ లైసెన్సును సస్పెండ్ చేయొచ్చు, రద్దు చేయొచ్చు. కారణాలు మాత్రం రాతలో ఉండాలి. అధికారం జిల్లా మేజిస్ట్రేటుది, అంటే కలెక్టరుగారిది. ఆయన ముందుకు వెళ్లే నోట్ ఫైలు రాసేది నేను. రోజుకు ముప్పై నలభై ఫైళ్లు సంతకం పెట్టే మనిషి, మొదటి పేజీలో సూపరింటెండెంటు ఏం రాశాడో దాని వెంటే నడుస్తాడు. అందుకే చట్టంలో కలెక్టరు అని ఉన్నచోటల్లా నా బాధ్యత కూడా ఉందని నేను అనుకుంటాను.

మొదట్లో నాకు ఇంత పట్టింపు లేదు. ఎస్పీ ఆఫీసు నుంచి రిపోర్టు వస్తుంది: ఫలానా వ్యక్తి ఫలానా క్రైం నంబరులో ముద్దాయి, లైసెన్సు రద్దు చేయగలరు. సెక్షన్‌లో ఒక నమూనా ఉత్తర్వు ఉండేది. పేరు, ఊరు, లైసెన్సు నంబరు, క్రైం నంబరు నింపడానికి ఖాళీలు వదిలి టైపు చేసి ఉంచినది. ‘క్రిమినల్ కేసు పెండింగులో ఉన్నందున సదరు వ్యక్తి వద్ద ఆయుధము ఉండుట ప్రజాశాంతికి భంగకరమని భావించి’ అన్న వాక్యం అందరికీ ఒకటే. నేనూ అదే నింపి పంపేవాణ్ణి.

2003లో అట్లా నింపిన కాగితాల్లో ఒకటి ఒక వేరుశనగ రైతుది. అప్పటికే డెబ్బై దగ్గరపడ్డ మనిషి. 12 బోర్ సింగిల్ బ్యారెల్, వాళ్ల నాయన 1964లో కొన్నది, ఆయన పోయాక వారసత్వంగా ఈయన పేరు మీదికి వచ్చింది. బోరుబావి దగ్గర రెండు కుటుంబాలు కొట్టుకున్నాయి. కట్టెలు, రాళ్లు, ఒక కొడవలి. కేసు, కౌంటరు కేసు. మా పక్క పల్లెల్లో ఎఫ్ఐఆర్ రాయించేటప్పుడు ఇంట్లో మగవాళ్లందరి పేర్లూ వరసగా చెప్పేస్తారు. ఈయన ఆరో ముద్దాయి. తుపాకి ఆ రోజు ఇంట్లో గోడకే ఉంది. ఫిర్యాదులో దాని మాటే లేదు. నేను ఫిర్యాదు కాపీ తెప్పించి చదవలేదు కాబట్టి నాకా సంగతి తెలీదు. మరుసటి ఏడాది లైసెన్సు రద్దయింది.

ఆయన హైదరాబాదు పోయి హైకోర్టులో రిట్ వేశాడు. 2005లో మా ఉత్తర్వును కొట్టేశారు. కేసు పెండింగులో ఉందన్న ఒక్క మాట కారణం కాదు, మళ్లీ పరిశీలించండి అని. ఇది మా ఒక్క జిల్లాకి చెప్పిన కొత్త సంగతేమీ కాదు. ఉత్తరప్రదేశ్‌లో లైసెన్సులు లెక్కకు మిక్కిలి, అక్కడి అలహాబాద్ హైకోర్టు ఇదే మాట ఎన్నోసార్లు చెప్పింది. సరే, మళ్లీ పరిశీలించాం. నేను నిజంగా పరిశీలించి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరం ఉండేది కాదు. రద్దు అన్నచోట సస్పెన్షన్ అని పెట్టి, చివర ‘కేసు తేలేదాకా’ అని చేర్చాను. కలెక్టరుగారు సంతకం చేశారు. తుపాకి స్టేషన్‌లోనే ఉండిపోయింది.

ఇక్కడ చట్టం చాలా జాగ్రత్తగా చేసిన ఏర్పాటు ఒకటి చెప్పాలి. లైసెన్సు సస్పెండైనప్పుడు తుపాకి మీద స్వంతహక్కు పోదు. దగ్గర పెట్టుకునే హక్కు మాత్రమే ఆగుతుంది. 21వ సెక్షన్ ప్రకారం దాన్ని దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. గడువు దాటినా తిరిగి తీసుకోని ఆయుధాలను సర్కారు స్వాధీనం చేసుకోవచ్చు కానీ, సస్పెన్షన్ నడుస్తున్నన్నాళ్లు ఆ పని చేయకూడదని అదే సెక్షన్ చెబుతుంది. అంటే ఎవరో ఒకరు ఆలోచించారు. తప్పు చేశాడో లేదో తేలని మనిషి వస్తువు అది, ఉన్నది ఉన్నట్టు ఆయనకు అప్పజెప్పేలా ఉంచాలి అని.

ఉన్నది ఉన్నట్టు ఎట్లా ఉంటుంది? ఆ రైతు మూణ్ణెల్లకోసారి మా సెక్షన్‌కి వచ్చేవాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని, బల్లకు కొంచెం దూరంగా నిలబడేవాడు. లైసెన్సు పుస్తకం పాలకవరులో చుట్టి, దారం కట్టి తెచ్చేవాడు. ఒకసారి రెన్యూవల్ కోసం ట్రెజరీలో చలానా కట్టి వచ్చాడు. సస్పెన్షన్‌లో ఉన్నదాన్ని రెన్యూ చేయలేం అని తిప్పి పంపాను. ఇంకోసారి వచ్చి అన్నాడు:

‘సారూ, గన్ను ఇయ్యద్దులే. స్టేషన్‌కి పోయి దానికి ఇంత నూనె పెట్టొచ్చుకుంటా. మా నాయన ఉన్నప్పుడు పండగ పండగకీ పెట్టేవాడు. ఒక కాగితం రాసిస్తివంటే చాలు.’

‘అట్లా రూలు లేదు పెద్దాయనా’ అన్నాను.

రూలు లేదన్నది నిజం. వద్దన్న రూలు కూడా లేదన్నది అప్పుడు నాకు తట్టలేదు.

ఆ తర్వాత ఏడాదికి ఆర్డీవోగారి వెంట ఒక స్టేషన్ తనిఖీకి పోయాను. ప్రాపర్టీ రూం తలుపు తీస్తే సారా క్యాన్లు, కేసుల్లో పట్టుకున్న సైకిళ్లు, ఒక మూలకి సుతిలితాడుతో కట్టిన తుపాకులు అయిదో ఆరో. ప్రతిదానికీ అట్టముక్క ట్యాగు. సిరా వెలిసిపోయి నంబర్లు సగం కనపడుతున్నాయి. ఒక సింగిల్ బ్యారెల్‌ని చేతిలోకి తీసుకుని నంబరు చదివాను. ఆయనదే. కుందాకి చెద పట్టి మట్టిగీతలు పాకి ఉన్నాయి. గొట్టం మూతిలో కందిరీగ కట్టిన మట్టిగూడు. బొటనవేలితో గొట్టాన్ని రుద్దితే కుంకుమలాగ ఎర్రటి పొడి అంటింది. రైటరు పాత గుడ్డ ఇచ్చాడు తుడుచుకోమని. నలభై ఏళ్లపాటు పండగ పండగకీ నూనె పెట్టుకున్న వస్తువు.

ఇది ఒక వైపు. రెండో వైపు చెప్పకపోతే, కేసులున్న ప్రతివాడి తుపాకీ ఇంట్లోనే ఉండాలని నేను వాదిస్తున్నట్టు అవుతుంది. అది నా మాట కాదు.

అదే కాలంలో ఒక కాంట్రాక్టరు ఫైలు వచ్చింది. .32 రివాల్వరు. తమ్ముడితో ఆస్తి తగాదా, మరదలు ఫిర్యాదు, బెదిరింపు సెక్షన్ 506. రిపోర్టులో ‘నేరంలో ఆయుధం వాడెనా’ అన్నచోట ‘లేదు’ అని ఉంది. కాల్పులు జరగలేదు కాబట్టి స్టేషన్ వాళ్లు లేదని రాశారు. అది చూసి తొందరేమీ లేదనుకున్నాను. ఆ వారం మంత్రిగారి పర్యటన, ప్రోటోకాల్ పనులు. ఫైలు నా ట్రేలో పదకొండు రోజులు ఉంది.

నోటీసు పోయి, జవాబు వచ్చేసరికి దానితోపాటు లోక్ అదాలత్‌లో రాజీ అయిన కాపీ జతచేసి ఉంది. కేసే లేదు, ఇంకేం కారణంతో సస్పెండ్ చేస్తారని వాళ్ల వకీలు రాశాడు. సరైన ప్రశ్నే. ఫైలు మూసేశాం.

కొన్నాళ్లకు సోమవారం గ్రీవెన్స్‌లో ఆ మరదలు వేరే పని మీద, రేషన్ కార్డు విడగొట్టమని అర్జీ పట్టుకుని వచ్చింది. ఇంటిపేరు చూసి గుర్తుపట్టి, ‘ఏమ్మా, కేసు రాజీ ఎందుకయినావు? బెదిరించినాడా?’ అని అడిగాను. నేలవైపు చూసుకుంటూ చెప్పింది.

‘బెదిరించలేదు సార్. మాపటేళ వచ్చినాడు. వసారాలో కూర్చున్నాడు. దాన్ని తీసి స్టూలు మీద పెట్టినాడు. మంచినీళ్లడిగినాడు. ఇచ్చినాను. తాగి, గ్లాసు దాని పక్కనే పెట్టి పోయినాడు. ఒక్క మాట గూడా అనలేదు.’

ఏ రోజని అడిగాను. ఫైలు నా ట్రేలో ఉన్న పదకొండు రోజుల్లో ఒకటి.

ఒక రైతు తుపాకి విషయంలో అవసరం లేని గట్టితనం చూపించాను, ఒక కాంట్రాక్టరు విషయంలో అవసరమైన తొందర చూపించలేదు. రెండిటికీ మూలం ఒకటే. రెండు ఫైళ్లలోనూ నేను చదివింది క్రైం నంబరు, సెక్షన్ నంబరు మాత్రమే. కేసు ఉంది అన్నది మనిషి గురించి ఏమీ చెప్పదు. ఆ తుపాకి ఆ గొడవలో ఎక్కడుంది, ఫిర్యాది ఆ ఇంటికి ఎంత దూరంలో ఉంటుంది, సాక్షులు రేపు బోనులోకి రావాల్సినవాళ్లా అన్నవి చెబుతాయి. విచారణ జరుగుతున్నప్పుడు తుపాకి వల్ల వచ్చే ప్రమాదం పేలడం ఒక్కటే కాదు. స్టూలు మీద ఊరికే ఉన్నా అది సాక్ష్యాన్ని మార్చేస్తుంది.

అప్పటినుంచి ఫిర్యాదు కాపీ చూడకుండా నోట్ రాయడం మానేశాను. నమూనా ఉత్తర్వు కాగితాలు చించి పారేశాను. బజారుకి పోయి పొడుగాటి రిజిస్టరు ఒకటి కొని, నీలం అట్ట వేయించాను. ప్రతి సస్పెన్షనుకీ ఒక పేజీ. సి.సి. నంబరో ఎస్.సి. నంబరో, ఏ కోర్టు, వచ్చే వాయిదా ఎప్పుడు, తుపాకి ఎక్కడ డిపాజిట్, చివరిసారి చూసిందెవరు. ఆరు నెలలకోసారి పేజీ తిరగేసి కలెక్టరుగారికి మళ్లీ పెట్టేవాణ్ణి. సాక్షుల విచారణ పూర్తయిందా, ఇంకా అవసరమా అని. ‘కేసు తేలేదాకా’ అన్న మాట మా ఉత్తర్వుల్లోంచి పోయింది. దాని బదులు తేదీ వచ్చింది. డీలరు దగ్గర డిపాజిట్ చేసుకోవచ్చన్న సంగతి నోటీసులోనే రాయడం మొదలుపెట్టాం. డీలరు నెలకింత అద్దె తీసుకుంటాడు, కానీ నూనె పెడతాడు.

అన్నిటికీ సస్పెన్షనే మార్గం కాదని కూడా నేర్చుకున్నాను. మిలిటరీలో చేసి వచ్చి బ్యాంకులో గార్డుగా ఉన్న ఒకాయనకు తన డబుల్ బ్యారెల్ గన్నే ఉద్యోగం. తమ్ముడి భార్య పెట్టిన 498ఏ కేసులో ఈయన పేరూ చేర్చారు. లైసెన్సు ఆపితే ఆ నెల నుంచే ఇంట్లో పొయ్యి వెలగదు. 17(1) కింద లైసెన్సు షరతులు మార్చొచ్చు. డ్యూటీ అయ్యాక తుపాకి బ్యాంకు స్ట్రాంగ్ రూంలోనే ఉండాలి, ఇంటికి తీసుకుపోకూడదు అని షరతు పెట్టాం. బ్యాంకు మేనేజరు ఒప్పుకుని లెటరిచ్చాడు. ఫిర్యాది అమ్మాయికి భయం లేదు, ఈయనకు జీతం ఆగలేదు.

ఎన్నికలొస్తే ఇదంతా పెద్ద ఎత్తున జరుగుతుంది. ఎన్నికల సంఘం సూచనల ప్రకారం బెయిలు మీద ఉన్నవాళ్లు, నేరచరిత్ర ఉన్నవాళ్లు, ఎన్నికల అల్లర్లలో పాల్గొన్నవాళ్లు ఎవరెవరో స్క్రీనింగ్ కమిటీ చూసి, వాళ్ల ఆయుధాలు డిపాజిట్ చేయించాలి. 2019లో షెడ్యూలు మార్చి 10న వచ్చింది, మాకు పోలింగు ఏప్రిల్ 11, లెక్కింపు మే 23. ఆయుధాలు తిరిగి ఇచ్చేసరికి మామిడిపళ్ల కాలం అయిపోవచ్చింది. ఫలితాలొచ్చాక అందరివీ తిరిగి పోతాయి, కేసులున్నవాళ్లవి స్టేషన్‌లోనే మిగిలిపోతాయి. ఉత్తర్వు లేకుండానే, అడిగితే ‘పైనుంచి రావాలి’ అంటారు. ఆ ఏడు ఒక్కొక్క స్టేషన్‌కి ఫోన్ చేసి, వేరే ఉత్తర్వు లేనివి వెనక్కి ఇప్పించాను. నా ఉద్యోగంలో సంతృప్తిగా చేసిన పనుల్లో అదొకటి.

మా అక్క కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. ‘అక్కడ అయితే ఇట్లా కాదు మామా, అది హక్కు’ అంటాడు. నిజమే. 2023లో మన సుప్రీంకోర్టే ఒక కేసులో ఈ తేడా ఎత్తి చూపింది, అమెరికాలో లాగా ఆయుధం ధరించే హక్కు మన రాజ్యాంగం ఇవ్వలేదని. కానీ వాడు పంపిన కాగితాలు చదివితే, వాళ్లూ ఇదే ముడితో కుస్తీ పడుతున్నారనిపించింది. ఏడాదికి మించి శిక్షపడే నేరంలో అక్కడ ఇండైట్‌మెంటు, అంటే లాంఛనంగా నేరారోపణ జరిగితే, ఫెడరల్ చట్టం ప్రకారం కొత్త తుపాకి కొనకూడదు, తీసుకోకూడదు. ఇంట్లో అప్పటికే ఉన్నదాన్ని మాత్రం ఆ సెక్షన్ ముట్టుకోదు. జడ్జి బెయిలు షరతుల్లో వద్దంటే తప్ప. 2024లో రహీమీ కేసులో వాళ్ల సుప్రీంకోర్టు 8–1తో చెప్పిందేమంటే, ఇతరుల ప్రాణాలకు ముప్పు అని కోర్టు తేల్చిన మనిషి దగ్గర తాత్కాలికంగా ఆయుధం లేకుండా చేయొచ్చని. అది గృహహింస రక్షణ ఉత్తర్వుకి సంబంధించిన కేసు. చదువుతుంటే నాకు ఆ స్టూలు, ఆ గ్లాసే గుర్తుకొచ్చాయి. మనిషిని చూసి తేల్చు అని వాళ్ల పెద్దకోర్టు కూడా అంటోంది. హక్కు అన్నచోటా, అనుమతి అన్నచోటా పని చివరికి ఎవరో ఒకరు ఫైలు చదవడం దగ్గరే ఆగుతుంది.

ఆ వేరుశనగ రైతు సంగతి పూర్తి చేయాలి. కౌంటరు కేసుల్లో ఒక ముద్దాయి కువైట్ పోయాడు, వారెంటు తిరిగి తిరిగి రావడంతో విచారణ మొదలే కాలేదు. నా నీలం రిజిస్టరులో ఆయన పేజీ మొదటిది. స్టేషన్‌లో తుప్పు చూసొచ్చిన నెలలోనే సస్పెన్షన్ ఎత్తేయమని నోట్ పెట్టాను. అవతలి పక్షం అభ్యంతరం, మళ్లీ ఎస్పీ రిపోర్టు, కలెక్టరు బదిలీ. కొత్తాయనకు మొదట్నుంచీ చెప్పాను. ఆ ఫైలు తేలకముందే 2010లో పెద్దాయన పోయాడు. 2012లో రెండు కేసులూ కొట్టేశారు.

ఆ ఏడాది ఆయన మనవడు వచ్చాడు. డిగ్రీ చదువుతున్న పిల్లవాడు. చేతిలో అదే పాలకవరు, అదే దారం. లోపల లైసెన్సు పుస్తకం, స్టేషన్ రసీదు, జడ్జిమెంటు కాపీ, కట్టిన చలానా. వారసుడి దరఖాస్తు కోసం వచ్చాడనుకుని ఫారం తీయబోయాను.

‘గన్ను మాకొద్దు సార్. అది పలికే స్థితిలో లేదు, చూసొచ్చినా. తాత ప్రజాశాంతికి భంగమని మీరొక కాగితం ఇచ్చినారు గదా. మా జేజి దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టుకోనుంది. అది కాదని ఇంకొక కాగితం ఇయ్యండి సార్.’

చనిపోయిన మనిషి లైసెన్సు మీద సస్పెన్షన్ ఎత్తేసే రూలు ఎక్కడా లేదు. లైసెన్సు మనిషితోనే పోతుంది. ఆ పిల్లవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, డీఆర్వోగారి దగ్గరికి ఫైలు నేనే చేత్తో పట్టుకుని పోయాను. ఆయన పది నిమిషాలు చదివి, ఎండార్స్‌మెంటు ఇద్దాం రాయండి అన్నారు. క్రైం నంబరు, తీర్పు తేదీ వేసి, సదరు వ్యక్తిపై ఆరోపణలు రుజువు కానందున ఆయన పేరు మీద ఈ కార్యాలయపు ఉత్తర్వు ఏదీ అమలులో లేదని రాశాను. టైపిస్టు లేడు, నేనే టైపు చేశాను. సంతకం, సీలు అయ్యాక పిల్లవాడు రెండుసార్లు చదువుకున్నాడు. తాత పేరు ముందు ‘శ్రీ’ పడలేదు సార్ అన్నాడు. మళ్లీ టైపు చేసి ఇచ్చాను.